వేల్స్ తీరంలో ఆవిరి రైలు ఎక్కాలంటే

బర్మింగ్‌హామ్ వైపు ఉండే మనవాళ్లు పిల్లలతో వేల్స్ పశ్చిమ తీరానికి రైల్లో వెళ్తుంటే ఒక మాట. ఆ రైలు మకంత్లెత్‌లో రెండుగా విడిపోతుంది. సగం అబరిస్ట్‌విత్‌కి, సగం తీరం వెంట పుల్‌హెలీకి. మీ బోగీ ఎటు పోతుందో ఎక్కేటప్పుడే గార్డుని అడగండి, తర్వాత టెన్షన్ ఉండదు. ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ పట్టుకోండి, సముద్రం అటే.

బస పుల్‌హెలీ దారిలో ఉన్న పోర్త్‌మడాగ్‌లో పెట్టుకుంటే మంచిది. రెండు ఆవిరి రైళ్లు అక్కడి హార్బర్ స్టేషన్ నుంచే బయల్దేరతాయి. మామూలు రైలు దిగే స్టేషన్ మాత్రం ఊరికి అవతలి కొసన ఉంది, పెట్టెలతో నడవాల్సిందే. ఫెస్టినియోగ్ రైలు పలక రాతి గనుల కోసం వేసింది, దూరం సుమారు 22 కిలోమీటర్లు. రెండోది కర్నార్వన్ ఊరికి వెళ్తుంది, దూరం సుమారు 40 కిలోమీటర్లు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే పిల్లలు విసిగిపోతారు. ఒకటే ఎంచుకోవాలంటే నా ఓటు ఫెస్టినియోగ్‌కే. రెండు వైపులా పొగగొట్టాలున్న ఇంజిన్ ఇంకెక్కడ చూస్తాం? అది ఆ రోజు నడుస్తుందో లేదో టైమ్‌టేబుల్‌లో చూసుకోండి. చలికాలంలో సర్వీసులు బాగా తగ్గిపోతాయి.

పోర్త్‌మడాగ్ వెళ్లే దారిలో టైవిన్‌లో దిగితే తాలిలిన్ అనే ఇంకో ఆవిరి రైలు ఉంది. 1951 నుంచి దాన్ని నడుపుతున్నది స్వచ్ఛంద కార్యకర్తలే. తెల్లచొక్కా మాత్రం వేసుకోకండి, మసి పడుతుంది.