పద్యం అర్థం కావట్లేదా? ఎక్కడ చిక్కుకుందో చూడండి

సమస్య: చదువుతుంటే బాగుంది. అర్థం చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

కారణం: బడి అలవాటు. అక్కడ పద్యం వెంటే ప్రతిపదార్థం, దాని వెంటే తాత్పర్యం, ఆ వెనక మార్కులు. తాత్పర్యం రాకపోతే పద్యం రానట్టే లెక్క.

పరిష్కారం: ఏమీ చేయక్కర్లేదు. ఇది జబ్బు కాదు. నిజమైన కవిత్వం అర్థమయ్యేలోపే మనకు చేరగలదని ఆంగ్ల కవి టి.ఎస్. ఎలియట్ 1929లో ఇటాలియన్ కవి డాంటే మీద రాసిన వ్యాసంలో అన్నాడు. ఒక్క జాగ్రత్త మాత్రం: అర్థం తెలియని పద్యాన్ని ఎవరికీ శుభాకాంక్షలుగా పంపకండి. అది ఏడుపు పద్యం కావచ్చు.

సమస్య: నాలుగు పాదాలూ చదివాను. చెవికి కూడా ఏమీ తగల్లేదు.

కారణం: కంటితో చదివారు, పైగా ప్రతి పాదం చివరా ఆగారు. పోతన గజేంద్రమోక్షంలోని 'అల వైకుంఠపురంబులో' పద్యమే చూడండి. మొదటి పాదం 'దా' దగ్గర అయిపోతుంది, రెండోది 'పల' అని మొదలవుతుంది. మాట 'దాపల'. పాదం చివర ఆగితే ఆ మాట రెండు ముక్కలై, రెండూ అర్థం లేనివవుతాయి.

పరిష్కారం: గొంతు విప్పి చదవండి. పాదం చివర కాదు, మాట పూర్తయిన చోట ఊపిరి తీసుకోండి. ఇది మత్తేభం అనే వృత్తం: పాదానికి 20 అక్షరాలు, 14వ అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అక్కడి అక్షరం ధ్వని కలవడం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం 'ల'. ఇవి గుర్తుపెట్టుకోనక్కర్లేదు, రెండుసార్లు పైకి చదివితే చెవే పట్టుకుంటుంది. ఇంకోటి కూడా పట్టుకుంటుంది. మందారవనం, అమృతసరస్సు, చంద్రకాంతశిల, కలువల పాన్పు అన్నీ ఒకే సమాసంలో పడి తాపీగా, విలాసంగా సాగుతుంటాయి. ఉన్నట్టుండి 'పాహి పాహి' అని పొట్టి మాటలు. ఏనుగు పిలిచిందని తెలియకపోయినా, ఎవరో ఆపదలో ఉన్నారని తెలిసిపోతుంది.

సమస్య: ఒక్క మాట అడ్డం పడుతోంది.

నిఘంటువు తీయండి, కానీ మొదటిసారి చదివేటప్పుడు వద్దు. పూర్తిగా చదివాక కూడా ఏ మాట వేధిస్తుందో దాన్నే వెతకండి. అన్నీ వెతికితే పద్యం పోయి పదాల పట్టిక మిగులుతుంది.

సమస్య: మాటలన్నీ తెలిసినవే. కలిపితే ఏమీ తేలడం లేదు.

కారణం: అన్వయం కుదరలేదు. ఛందస్సు కోసం కర్త ఒక చోట, క్రియ ఇంకో చోట పడి ఉంటాయి.

పరిష్కారం: ముందు క్రియ పట్టుకోండి. 'ఎవరు?' అని దాన్నే అడగండి. చాలా ముళ్లు అక్కడే విడిపోతాయి.

సమస్య: వాక్యం కూడా తెలుస్తోంది. అయినా కవి ఏమంటున్నాడో పట్టు దొరకడం లేదు.

కారణం: వచన కవితలతో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే. చెప్పిన మాట వేరు, దాని వెనక మోగే మాట వేరు. ఈ మోతనే సంస్కృత కావ్యశాస్త్రకారుడు ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలో ధ్వని అన్నాడు, కావ్యానికి ఆత్మ అదేనన్నాడు. మీరేమో నిఘంటువు అర్థం దగ్గరే కూర్చున్నారు.

పరిష్కారం: 'దీని భావమేమి?' అన్న ప్రశ్న పక్కన పెట్టి, 'నేను ఏ మాట దగ్గర ఆగిపోయాను?' అని చూసుకోండి. అక్కణ్ణుంచి ముందుకీ వెనక్కీ చదవండి. తేలకపోతే తేలకపోనివ్వండి. రెండర్థాల మధ్య ఊగడానికే రాసిన కవితలున్నాయి, వాటిని ఒక పక్కకు లాగి కట్టేస్తే చచ్చిపోతాయి.

సమస్య: ఇవన్నీ చేశాను. ఏమీ రాలేదు.

కారణం: మనవాళ్లు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు. ద్రాక్ష నోట్లో వేసుకోవడమే, అరటికి తొక్క తీయాలి, కొబ్బరికాయకు ఇంకా కష్టపడాలి. మీ చేతిలో ఉన్నది కొబ్బరికాయ కావచ్చు, పీచు తీసి కొట్టాలి. లేదా లోపల నీళ్లే లేని కాయ కావచ్చు. ఆ అవకాశాన్ని పాఠకులు మొహమాటంతో ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు.

పరిష్కారం: మర్నాడు పని చేసుకుంటున్నప్పుడు ఒక్క పాదమైనా నోట్లో ఆడిందా? ఆడితే మళ్లీ తెరవండి. లేదంటే ఇంకో పద్యం చూసుకోండి.