ఎక్సర్‌సైజ్ చేస్తుంటే గుండె దడ: టెన్షన్ ఎంత, ఒంటి కష్టం ఎంత?

ముందుగా ఒక మాట. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, చేసిన పనికి మించిన ఆయాసం ఉంటే వ్యాయామం ఆపి డాక్టర్‌కు చూపించుకోండి. దగ్గరి బంధువుల్లో చిన్న వయసులోనే హఠాత్తుగా గుండె ఆగి పోయినవాళ్లున్నా అంతే. పరీక్షలు కాకుండా "అంతా టెన్షనే" అని తేల్చేయకూడదు.

షూ లేసులు కట్టుకుంటుండగానే గుండె వేగం నిమిషానికి 100 దాటింది

కష్టపడబోతున్నామని మెదడు ముందే పసిగట్టి అడ్రినలిన్ వదులుతుంది. ఇది అందరిలోనూ ఉంటుంది, ఆందోళన ఉన్నవాళ్లలో కాస్త ఎక్కువ. ఆ అంకె తగ్గాకే మొదలుపెడదామని కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. 5 నుంచి 10 నిమిషాలు తాపీగా నడవండి, చాలు.

మెల్లగా పరిగెత్తినా వాచీ 170 చూపిస్తోంది

మొదట అనుమానించాల్సింది వాచీనే. మణికట్టు మీద వెలుగుతో కొలిచే ఈ సెన్సర్లు ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగుల లయను లెక్కపెడతాయి. జాగింగ్‌లో నిమిషానికి 160, 170 అడుగులు పడటం మామూలే. నడకలోకి దిగి, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. అంకెలు కలవకపోతే పట్టీని మణికట్టు ఎముకకు కాస్త పైగా, బిగుతుగా కట్టండి.

వాచీ నిజమే చెబుతోందా? అయితే ఆరోజు సంగతులు చూసుకోండి: నిద్ర చాలకపోవడం, ఎండ, నీళ్లు తక్కువ తాగడం, జ్వరం, కాఫీ. తాగిన కెఫీన్‌లో సగం చాలామందిలో సుమారు 5 గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కూడా గుండె వేగం పెంచుతుంది. ఊరికే కూర్చున్నా రోజూ వేగంగానే ఉంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి.

గుండె గరిష్ఠంగా ఎంత వేగం కొట్టుకోవచ్చో చెప్పడానికి 220లోంచి వయసు తీసేసే లెక్కను పట్టుకుని భయపడకండి. అది సగటు మాత్రమే, ఒక మనిషి విషయంలో పది పన్నెండు అటూ ఇటూ కావడం మామూలు. నాకు దానికంటే మాటే నమ్మకం: వాక్యాలు మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ.

అంకె చూశాక భయం, భయంతో అంకె ఇంకా పైకి

చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. గుండె దడ, చెమట, ఆయాసం పానిక్ అటాక్‌లోనూ వస్తాయి, పరుగులోనూ వస్తాయి. ఒకసారి భయపడిన మెదడు రెండింటికీ తేడా చూడదు. భయంతో ఊపిరి గబగబా లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. అది చూసి "అయిపోయింది" అనుకుంటాం.

చటుక్కున ఆగిపోవద్దు. ఆగితే రక్తం కాళ్లలో నిలిచి తల తిరగొచ్చు. పైగా, ఆగబట్టే బతికాననే నమ్మకం బలపడుతుంది. వేగం సగానికి తగ్గించి, పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదులుతూ నడవండి. నిమిషానికోసారి వాచీ చూసే అలవాటుంటే దాన్ని జేబులో పడేయండి. (మొదటిరోజు చెయ్యి ఊరుకోదు, జేబులోకే పోతుంది.)

అసలు మందు మాత్రం అలవాటు చేసుకోవడమే. గుండె జబ్బేమీ లేదని తేలాక, నిలబడ్డచోటే ఒక నిమిషం పరుగు తీసి దడ తెప్పించుకోండి. అది తనంతట తాను దిగేదాకా, నాడి చూడకుండా, గమనిస్తూ ఉండండి. తర్వాత రెండు నిమిషాలు చేయండి. పానిక్‌కు థెరపిస్టులు చేయించేదీ ఇలాంటిదే. ఒక్కరికే ధైర్యం చాలకపోతే వాళ్ల దగ్గరే మొదలుపెట్టండి.

స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ తీసినట్టు ఆగే దడ

ఇది వేరు. టెన్షన్ దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఉన్నట్టుండి 150 దాటి, ఉన్నట్టుండి మామూలైపోతుంటే గుండెలోని విద్యుత్ మార్గంలో తేడా ఉండొచ్చు. దడ ఉండగా తీసిన ఈసీజీ చాలా విషయాలు తేలుస్తుంది.

ఎంత కష్టపడ్డా అంకె పెరగడం లేదు

ఆందోళనకు ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడుతుంటే అంతే. అలాంటప్పుడు అంకెను లక్ష్యంగా పెట్టుకోకండి, మాట పరీక్షే వాడండి. ఆ మాత్రలు సొంతంగా ఒక్కసారిగా మానేస్తే గుండె వేగం ఎదురు తిరిగి పెరగొచ్చు, డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి.