నరాల సమస్య వల్ల మూత్రం ఆపుకోలేకపోతుంటే రోజువారీ జీవితాన్ని సర్దుకోవడం ఎలా?

మా మావయ్య విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఇరవై ఏళ్లకు పైగా షుగర్ ఉంది. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నడక ఏనాడూ మానని మనిషి, ఒక వేసవిలో ఉన్నట్టుండి గడప దాటడం మానేశారు. అడిగితే మోకాళ్ల నొప్పులన్నారు. పెరట్లో తీగ మీద రోజుకు నాలుగైదు లుంగీలు ఆరుతుండటం చూసి అత్తయ్యే అసలు సంగతి కనిపెట్టారు. అప్పటికే ఆయన బట్టలు తడవకుండా ఉండాలని నీళ్లు తాగడం దాదాపు మానేశారు. విశాఖ ఉక్కపోతలో నాలుక పిడచకట్టుకుపోయి, కళ్లు తిరిగి పడిపోయేదాకా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

ఆ తర్వాతి ఏడాదిలో మా ఇంట్లో అందరం నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మధుమేహం, వెన్నుపాముకు దెబ్బ, పక్షవాతం, పార్కిన్సన్స్, నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్, పుట్టుకతో వచ్చే వెన్నెముక లోపం స్పైనా బైఫిడా... కారణం ఏదైనా జరిగేది ఒకటే. మూత్రాశయం నిండిందన్న కబురు మెదడుకు సరిగా చేరదు, లేదా మెదడు చెప్పిన ‘ఆగు’ అన్న మాట కిందికి చేరదు. ఇందులో మనిషి నిర్లక్ష్యం, అశుభ్రత ఏమీ లేవు. లోపలి నుంచి కబురు రానప్పుడు బయటి నుంచి తెచ్చుకోవాలి. గడియారం, ఒక నోటుబుక్కు, ఒక కొలపాత్ర ఆ పని చేస్తాయి.

1. ముందు అది ఏ రకమో తేల్చుకోండి

ఈ మెట్టు దాటవేస్తే మిగతావన్నీ తప్పుదారి పడతాయి. కొందరి మూత్రాశయం కొద్దిగా నిండగానే దానంతట అదే బిగుసుకుని మూత్రాన్ని బయటికి తోసేస్తుంది. ఉన్నట్టుండి ఆగలేనంత తొందర, బాత్‌రూమ్ చేరేలోపే తడిసిపోవడం దీని లక్షణాలు. మరికొందరిలో కండరం సడలిపోయి బిగుసుకోనే బిగుసుకోదు. కుండ నిండి అంచు మీదుగా పొర్లినట్టు, మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతుంది. మూడో రకమూ ఉంది. ఒకవైపు మూత్రాశయం తోస్తుంటే, మరోవైపు కింది కండరం తలుపు మూసేస్తుంది. వెన్నుపాము దెబ్బల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. లోపలి ఒత్తిడి పెరిగి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కాబట్టి మూడింటిలో ప్రమాదకరమైనది ఇదే.

మావయ్యది పొర్లిపోయే రకం. అది తెలియక ఆయన మందుల షాపులో అడిగి, తరచుగా మూత్రం రాకుండా ఉండే మాత్రలు కొన్ని వారాలు వాడారు. అసలే సడలిన కండరాన్ని ఆ మాత్రలు ఇంకా సడలించాయి. చివరికి స్కాన్ తీయిస్తే, మూత్రానికి వెళ్లొచ్చిన తర్వాత కూడా లోపల ఆరు వందల మిల్లీలీటర్లకు పైగా మిగిలి ఉంది. మామూలు మనిషి మూత్రాశయం సౌకర్యంగా పట్టేది నాలుగైదు వందలే.

అందుకే యూరాలజిస్టును కలిసినప్పుడు, మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూడమని అడగండి. దానితోపాటు మూత్ర పరీక్ష, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రపిండాల స్కాన్ అవసరమవుతాయి. లోపలి ఒత్తిడిని కొలిచే యూరోడైనమిక్ పరీక్ష కావాలో లేదో డాక్టరు చెబుతారు. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి విశాఖలో ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి: కేజీహెచ్ ఉంది, హనుమంతవాక దగ్గర విమ్స్ ఉంది. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు అన్నీ ఒకే ఫైలులో పట్టుకెళ్లండి.

ఒక్క సందర్భంలో మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. నడుము నొప్పితో పాటు తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరెక్కి, మూత్రం బిగిసిపోయినా లేదా తెలియకుండా పోతున్నా వెన్ను కింది నరాలు నలుగుతున్నాయని అనుమానించాలి. ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

2. మూడు రోజుల లెక్క రాయండి

ఒక నోటుబుక్కు, గీతలున్న ప్లాస్టిక్ కొలపాత్ర చాలు. ఎన్ని గంటలకు ఏం తాగారు, ఎన్ని గంటలకు ఎంత పోశారు, ఎప్పుడు తడిసింది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నవి రాయండి. ప్యాడ్ వాడేవారు దాన్ని పొడిగా ఉన్నప్పుడొకసారి, తీసేశాక ఒకసారి తూచవచ్చు. పెరిగిన ఒక్కో గ్రామును దాదాపు ఒక మిల్లీలీటరుగా లెక్కపెట్టండి.

రాయడం విసుగే, ఒప్పుకుంటాను. కానీ ‘ఎప్పుడూ కారుతూనే ఉంటుంది’ అన్న మావయ్య మాటను ఆ పుస్తకమే సరిదిద్దింది. ఎక్కువగా తడిసేది సాయంత్రం టీ తాగిన గంటన్నరకు, తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో. డాక్టరు కూడా మేం చెప్పిన పావుగంట కథ కన్నా ఆ మూడు పేజీలనే ఎక్కువ శ్రద్ధగా చూశారు.

3. నీళ్లు మానకండి, వేళలు మార్చండి

నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, ఇన్ఫెక్షన్లు ముసురుతాయి, మలబద్ధకం వస్తుంది. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కి తడిసిపోవడాన్ని పెంచుతుంది. ఆకుకూరలు, పండ్లు తిని విరేచనం సాఫీగా అయ్యేలా చూసుకోవడం కూడా ఈ వైద్యంలో భాగమే.

గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల డాక్టరు నీళ్లపై హద్దు పెట్టకపోతే, సాధారణంగా రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు కావాలి. మజ్జిగ, చారు, కొబ్బరినీళ్లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. చెమటలు కారే వేసవిలో ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. ఒకేసారి చెంబెడు కాకుండా గంటకో గ్లాసు చొప్పున పగలంతా పంచుకోండి. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు తగ్గించండి. మానాల్సింది రాత్రి కాఫీ, టీలు.

పగలంతా కుర్చీలో కూర్చునేవారికి కాళ్లలో నీరు చేరుతుంది. పడుకోగానే ఆ నీరంతా రక్తంలోకి వచ్చి మూత్రంగా మారుతుంది. మధ్యాహ్నం ఒక గంట కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే ఆ పని పగలే అయిపోతుంది. మావయ్యకు తెల్లవారుజాము గండం సగం తగ్గింది దీనితోనే.

4. గడియారం చెప్పినప్పుడు వెళ్లండి

వస్తున్నట్టు అనిపించేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఫోనులో రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని, అవసరం అనిపించినా అనిపించకపోయినా వెళ్లి రండి. వారంపాటు పొడిగా ఉండగలిగితే పావుగంట చొప్పున పొడిగించండి. ఒకసారి పోశాక లేచి నిలబడి, నిమిషం ఆగి, మళ్లీ ప్రయత్నించడం కొందరికి బాగా పనిచేస్తుంది.

పొత్తికడుపు మీద చేత్తో గట్టిగా అదిమి మూత్రం తెప్పించే అలవాటు మాత్రం డాక్టరు చెప్పనిదే వద్దు. మూత్రం వెనక్కి, మూత్రపిండాల వైపు ఎగదన్నవచ్చు. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు కొంతైనా స్పర్శ, పట్టు మిగిలినవారికే ఉపయోగం. ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగ్గా నేర్చుకుని చేయండి.

5. పైపుతో ఖాళీ చేసుకోవడం నేర్చుకోండి

మూత్రాశయం పూర్తిగా ఖాళీ కానివారికి డాక్టర్లు తరచుగా సూచించేది ఇదే. కేథటర్ అనే సన్నని పైపు‌ను మూత్రనాళంలోకి పెట్టి, ఖాళీ చేసి, వెంటనే తీసేయడం. వినగానే అందరూ బెదురుతారు. మావయ్య రెండు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు దీన్ని శుభ్రమైన చేతులతో ఇంట్లోనే చేసుకోవచ్చని చూపించేదాకా, ఆపరేషన్ థియేటర్ స్థాయి శుద్ధి ఉంటేనే చేయాలన్నది వైద్యుల నమ్మకం. ఇన్ఫెక్షన్‌కు పెద్ద కారణం మూత్రం లోపలే నిలిచి, మూత్రాశయం సాగిపోవడమని ఆయన వాదించారు. ఈ మాట విన్నాకే మావయ్య ధైర్యం చేశారు.

మొదటి రెండు మూడు సార్లు నర్సు ఎదురుగా చేయాలి. పద్ధతి ఇది. సబ్బుతో చేతులు, ఆ భాగం కడుక్కోండి. నర్సు చెప్పిన సైజు కేథటర్‌కు జెల్లీ రాయండి. కొబ్బరినూనె, వ్యాజిలిన్ వాడకండి. మగవారు అంగాన్ని పైకెత్తి పట్టుకుని నెమ్మదిగా లోపలికి పంపాలి. సుమారు ఇరవై సెంటీమీటర్లు వెళ్తుంది. లోపల అడ్డు తగిలితే బలవంతం చేయకుండా ఆగి, గాఢంగా ఊపిరి తీసుకుని వదులుతూ మళ్లీ ప్రయత్నించాలి. ఆడవారి నాళం నాలుగు సెంటీమీటర్లే. మొదట్లో చిన్న అద్దం సాయం చేస్తుంది. పొరపాటున యోనిలోకి వెళ్తే దాన్ని గుర్తుగా అక్కడే ఉంచి, కొత్త కేథటర్‌తో పైన ఉన్న ద్వారంలోకి పంపండి. మూత్రం ఆగాక పైపును కొద్దికొద్దిగా వెనక్కి తీస్తూ, మిగిలిన చుక్కలు కూడా రానివ్వండి.

చాలామందికి రోజుకు నాలుగు నుంచి ఆరు సార్లు పడుతుంది. ఒక్కోసారి వచ్చేది నాలుగైదు వందల మిల్లీలీటర్లు దాటుతుంటే, మధ్య వ్యవధి తగ్గించాలని అర్థం. కేథటర్లు ఒక్కసారి వాడి పారేసేలా తయారైనవి. ఖర్చు వల్ల అది కుదరకపోతే దాచకుండా డాక్టరుతోనే చెప్పి దారి అడగండి, సొంతంగా మరగబెట్టి వాడకండి. ఇంట్లోవారు చేసి పెడుతుంటే గ్లవుజులు వేసుకోవాలి. అత్తయ్య ముందుగా నేర్చుకున్నారు, కానీ మూడో వారానికి మావయ్య ‘నా పని నేను చేసుకుంటాను’ అని ఆమెను గది బయటికి పంపారు. ఆ రోజు ఆయన గొంతులో పాత దర్పం వినబడింది.

చేతులు పనిచేయనివారికి లోపలే ఉంచే ఫోలీ కేథటర్ తప్పకపోవచ్చు. అలాంటప్పుడు యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి, మంచం మీద పెట్టకూడదు.

6. మందుల గురించి కొంచెం

అతిగా బిగుసుకునే మూత్రాశయానికి సోలిఫెనాసిన్, ఆక్సిబ్యూటినిన్ వంటి మాత్రలు ఇస్తారు. నోరు ఎండటం, మలబద్ధకం మామూలు. పెద్ద వయసువారిలో మతిమరుపు, తికమక కనిపిస్తే వెంటనే చెప్పాలి. ఇదే సమస్యకు ఇచ్చే మరో మాత్ర మిరాబెగ్రాన్ వాడేటప్పుడు బీపీ చూసుకోవాలి. మాత్రలకు లొంగనప్పుడు మూత్రాశయం గోడలో, కండరాన్ని సడలించే బోటులినం ఇంజెక్షన్ ఇస్తారు. దాని ప్రభావం కొన్ని నెలలుండి తగ్గుతుంది, మళ్లీ వేయించుకోవాలి. ఆ తర్వాత కొంతమందికి పైపు అవసరం పడవచ్చని ముందే తెలుసుకోండి.

7. చర్మం, బట్టలు, పరుపు

తడి బట్టతో గంటలు గడిపితే చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. స్పర్శ లేనివారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు, కాబట్టి రోజూ చూసుకోవాలి, లేదా ఎవరైనా చూడాలి. డెట్టాల్ లాంటివి వాడకుండా మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తని నూలు గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీము పలుచగా రాయండి. నెలసరి ప్యాడ్లు మూత్రాన్ని పట్టవు, దానికోసమే చేసినవి కొనండి. మగవారికి అంగం మీద తొడిగి కాలి బ్యాగుకు కలిపే కండోమ్ కేథటర్ మరో దారి. సైజు సరిగా ఉండాలి, రోజూ మార్చాలి. అయితే ఇది కారే మూత్రాన్ని పడుతుందే తప్ప, లోపల నిలిచినదాన్ని తీయదు. వాడిన డైపర్లను కాగితంలో గట్టిగా చుట్టి, చెత్త బండి సిబ్బందికి విడిగా ఇవ్వండి. వాటిని చేత్తో ఎత్తేది కూడా మనలాంటి మనుషులే.

8. ఈ గుర్తులు కనిపిస్తే ఆగవద్దు

జ్వరం, చలి వణుకు, నడుము పక్కల నొప్పి, మూత్రంలో రక్తం, ఉన్నట్టుండి తడవడం ఎక్కువకావడం వీటిలో ఏది వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పైపు వాడేవారి మూత్ర పరీక్షలో బాక్టీరియా కనిపించడం మామూలే. బాధలేమీ లేకపోతే సాధారణంగా దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. వెన్నుపాము దెబ్బ ఛాతీ మధ్యభాగానికి పైన తగిలినవారికి మూత్రాశయం నిండిపోతే బీపీ ప్రమాదకరంగా ఎగసి, తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబారడం, చెమటలు వస్తాయి. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రాశయం ఖాళీ చేయండి. పైపు ఉంటే ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఏ బాధా లేకపోయినా మూత్రపిండాల స్కాన్ ఎన్నాళ్లకోసారి తీయించాలో డాక్టరును అడిగి క్యాలెండరులో రాసిపెట్టుకోండి.

9. మళ్లీ గడప దాటండి

ఒక చిన్న సంచిలో రెండు ప్యాడ్లు, ఒక జత బట్టలు, రెండు ప్లాస్టిక్ కవర్లు, కేథటర్, జెల్లీ, సబ్బు కాగితాలు సర్దుకుని తలుపు పక్కనే తగిలించండి. మీరు తిరిగే దారిలో మరుగుదొడ్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. ఆర్టీసీ కాంప్లెక్సు, రైల్వే స్టేషన్, పెట్రోలు బంకులు, పెద్ద షాపింగ్ మాల్స్ పనికొస్తాయి. మొదటిసారి గంటలో తిరిగొచ్చే పని పెట్టుకోండి, అరకు ప్రయాణం తర్వాత చూద్దాం. రైల్లో అయితే కింది బెర్తు అడగండి.

గుడి గురించి మావయ్య ఎక్కువగా బాధపడ్డారు. ఏటా ముప్పై రెండు కిలోమీటర్ల సింహాచలం గిరిప్రదక్షిణ చేసిన మనిషి, ‘ఈ ఒంటితో స్వామి దగ్గరికి ఎలా వెళ్లను’ అన్నారు. ‘స్నానం చేసి, పొడి బట్ట కట్టుకుని వెళ్లండి, జబ్బుకు మైల ఏమిటి’ అన్నారు అత్తయ్య. ఇద్దరూ ఆటోలో కొండెక్కి దర్శనం చేసుకొచ్చారు.

ఇప్పుడాయన అయిదు గంటలకు లేచి, పైపుతో ఖాళీ చేసుకుని, పుస్తకంలో అంకె రాసి, కాళీమాత గుడి దగ్గర నుంచి వుడా పార్కు వైపు నడుస్తారు. నడకకు ముందు ఏమీ తాగరు. ఇంటికి రాగానే రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఆ అంకె కూడా రాస్తారు.