లోక్‌సభ నియోజకవర్గం ఎన్నికల చరిత్రను సరిగ్గా కూర్చడం ఎలా: సికింద్రాబాద్ ఉదాహరణగా

గెలిచిన ఎంపీల పేర్లు, పార్టీలు, మెజారిటీలు వరసగా రాసేస్తే నియోజకవర్గ చరిత్ర పూర్తయినట్టే అనుకుంటారు చాలామంది. నగర స్థానాల విషయంలో ఆ జాబితా తప్పుదారి పట్టిస్తుంది. ఊరు పెరిగే కొద్దీ హద్దులు జరుగుతాయి, లోక్‌సభ స్థానం కిందుండే పాత శాసనసభ సెగ్మెంట్లు రద్దవుతాయి, కొత్తవి పుడతాయి. పేరు మాత్రం అదే ఉంటుంది. 1999లో సికింద్రాబాద్ ఎంపీని ఎన్నుకున్న ప్రాంతం, 2009లో ఎన్నుకున్న ప్రాంతం ఒకటి కాదు. కాబట్టి విజేతల జాబితాను పక్కన పెట్టి, ముందు హద్దుల లెక్క తేల్చుకోవాలి. ఏ ఎన్నికను ఏ ఎన్నికతో పోల్చవచ్చో, దేనితో పోల్చకూడదో చెప్పేవి అవే.

హద్దుల పట్టిక

ఎక్సెల్ షీటులో మొదటి కాలమ్ ఎన్నిక సంవత్సరం, రెండోది ఆ ఎన్నిక ఏ పునర్విభజన ఉత్తర్వు (నియోజకవర్గాల హద్దులు కొత్తగా గీసే ఉత్తర్వు) ప్రకారం జరిగిందో. సికింద్రాబాద్‌కు ఈ రెండు కాలమ్‌లు నింపితే సగం బొమ్మ కనిపిస్తుంది. 1957, 1962 ఎన్నికల హద్దులను విడివిడిగా చూసుకోవాలి. 1967, 1971 ఎన్నికలు 1966 నాటి ఉత్తర్వు కిందికి వస్తాయి. 1977 నుంచి 2004 దాకా జరిగిన తొమ్మిది సాధారణ ఎన్నికలూ 1976 ఉత్తర్వు కిందివే. 2009 నుంచి ఇప్పటిదాకా జరిగిన నాలుగూ 2001 జనాభా లెక్కల ఆధారంగా వచ్చిన 2008 ఉత్తర్వు ప్రకారం జరిగాయి. షీటులో ఒక్కో ఉత్తర్వుకు ఒక్కో రంగు వేయండి. ఒకే రంగులో ఉన్న ఎన్నికల ఓట్లను నేరుగా పోల్చవచ్చు. రంగు మారిన చోట అడ్డంగా గీత గీసి, ఆ గీత దాటి "ఓట్లు పెరిగాయి", "తగ్గాయి" అని రాయకండి.

'1952 నుంచి సికింద్రాబాద్' అని మొదలుపెట్టే జాబితా కనిపిస్తే అక్కడే ఆగండి. ఈ స్థానం 1957లో మొదలైంది. తొలి ఎంపీ అహ్మద్ మొహియుద్దీన్ 1952లో గెలిచింది హైదరాబాద్ సిటీ స్థానం నుంచి. అదే మనిషి, అదే పార్టీ కావడంతో రెండు స్థానాలను ఒకటిగా కలిపేస్తుంటారు.

2008 తర్వాత సికింద్రాబాద్ లోక్‌సభ కిందికి వచ్చిన శాసనసభ సెగ్మెంట్లు ఏడు: ముషీరాబాద్ (57), అంబర్‌పేట (59), ఖైరతాబాద్ (60), జూబ్లీహిల్స్ (61), సనత్‌నగర్ (62), నాంపల్లి (63), సికింద్రాబాద్ (70). పేరును బట్టి ఇందులోనే ఉంటుందనిపించే సికింద్రాబాద్ కంటోన్మెంట్ (71) మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలో ఉంది. 58 మలక్‌పేట, అది హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఉంది. నంబర్లు వరసగా ఉన్నాయి కదా అని 57 నుంచి 63 దాకా కలిపేస్తే లెక్క తప్పుతుంది. 2004 దాకా ఉన్న హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్ శాసనసభ స్థానాలు పునర్విభజనలో పోయాయి. పాత ఖైరతాబాద్ విస్తీర్ణంలోనూ ఓటర్ల సంఖ్యలోనూ చాలా పెద్దది, అందులోంచే జూబ్లీహిల్స్ విడిపోయింది. కాబట్టి 2004 ఖైరతాబాద్ ఓట్లను 2009 ఖైరతాబాద్ ఓట్ల పక్కన పెట్టి చూస్తే అర్థం లేని తేడా వస్తుంది.

సెగ్మెంటు నంబర్లనే ఆధారం చేసుకుని షీట్లను జోడించకూడదని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2004 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో నంబరు ఇచ్ఛాపురం. 2009 నుంచి సిర్పూర్ ఒకటయింది. పాత 57, కొత్త 57 వేర్వేరు చోట్లు. సంవత్సరం, రాష్ట్రం, పేరు మూడూ కలిపి ఒక గుర్తు తయారుచేసుకుని, దానితో జోడించండి.

రాష్ట్రం కాలమ్ కూడా ఖాళీగా వదలొద్దు. 2014లో ఇక్కడ పోలింగ్ ఏప్రిల్ 30న జరిగింది, తెలంగాణ ఏర్పడింది జూన్ 2న. అందువల్ల ఎన్నికల సంఘం 2014 నివేదికలో సికింద్రాబాద్ ఆంధ్రప్రదేశ్ కింద ఉంటుంది. తెలంగాణ కింద వెతికి, దొరక్క, ఎక్కడో ఒక వ్యాసంలోంచి అంకెలు ఎత్తి రాయడం మామూలుగా జరిగే పొరపాటు.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి

ప్రతి సాధారణ ఎన్నికకూ ఎన్నికల సంఘం గణాంక నివేదిక వేస్తుంది. అందులో మీకు రెండు పట్టికలు కావాలి. అభ్యర్థులందరి ఓట్లతో ఉండే వివరమైన ఫలితాల పట్టిక ఒకటి. మొత్తం ఓటర్లు, పోలైనవి, చెల్లినవి, చెల్లనివి, నామినేషన్లు, డిపాజిట్ గల్లంతైనవారి సంఖ్య ఇచ్చే నియోజకవర్గ సారాంశం రెండోది. రెండూ దింపుకుని ఒకదానితో ఒకటి సరిచూడాలి.

ఉప ఎన్నికలు ఈ నివేదికల్లో ఉండవు, విడిగా వెతకాలి. సికింద్రాబాద్‌లో ఇది చాలా ముఖ్యం. 1977లో ఎం.ఎం. హషీం గెలిచారు. 1980లో పి. శివశంకర్. సాధారణ ఎన్నికల నివేదికలు మాత్రమే చూసినవాళ్లకు శివశంకర్ 1979 ఉప ఎన్నికలోనే ఇక్కడి నుంచి లోక్‌సభకు వెళ్లారన్న సంగతి తెలియదు. అలాగే 1984లో గెలిచిన మాజీ ముఖ్యమంత్రి టి. అంజయ్య 1986లో కన్నుమూశారు. ఆ ఖాళీకి జరిగిన ఉప ఎన్నికలో ఆయన భార్య మణెమ్మ గెలిచారు, 1989లో మళ్లీ గెలిచారు. ఉప ఎన్నికలు తప్పిపోకుండా ఉండాలంటే ప్రతి లోక్‌సభ సభ్యుల జాబితాను, ఆ లోక్‌సభ ఎన్నికల విజేతల జాబితాను పక్కపక్కన పెట్టండి. ఒక స్థానానికి రెండు పేర్లు వస్తే మధ్యలో ఉప ఎన్నిక జరిగినట్టు.

బూత్ స్థాయి లెక్క కావాలంటే ఫారం 20 చూడాలి. రిటర్నింగ్ అధికారి తయారుచేసే తుది ఫలితాల పత్రం ఇది. సెగ్మెంటువారీగా, పోలింగ్ కేంద్రంవారీగా ఒక్కో అభ్యర్థికి వచ్చిన ఓట్లు ఇందులో ఉంటాయి. ఇటీవలి ఎన్నికల ఫారం 20లు ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. చాలావరకు స్కాన్ చేసిన కాగితాలే, కాబట్టి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) నడిపితే 3, 8 తారుమారవుతాయి, 1, 7 కలిసిపోతాయి. పేజీ అడుగున ఉండే మొత్తంతో ప్రతి కాలమ్‌నూ కూడి చూడకుండా ముందుకెళ్లొద్దు. ఫారం 20 వాడేటప్పుడు ఇంకో రెండు జాగ్రత్తలు. పోస్టల్ బ్యాలెట్లు ఏ సెగ్మెంటులోనూ కలవవు, విడిగా లెక్కిస్తారు. ఏడు సెగ్మెంట్ల ఓట్లు కూడితే మొత్తం కన్నా తక్కువ రావడానికి కారణం అదే. ఇక బూత్ నంబర్లు ఎన్నికకూ ఎన్నికకూ మారతాయి. ఓటర్లు పరిమితి దాటితే కేంద్రాన్ని విడదీస్తారు, కింద నంబర్లన్నీ జరిగిపోతాయి. బూత్‌ను భవనం పేరుతో, వీధులతో గుర్తుపట్టాలి.

పార్టీ కాలమ్‌లో చిక్కులు

హషీం 1971లో గెలిచింది తెలంగాణ ప్రజా సమితి టికెట్ మీద. అప్పుడు ఆ పార్టీ తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. తర్వాత కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1977లో ఆయన కాంగ్రెస్ అభ్యర్థి. ఒకే పేరు కనబడగానే పార్టీని కింది వరసకు లాగేస్తే 1971 అనే ముఖ్యమైన మలుపు చరిత్రలోంచి మాయమవుతుంది.

నివేదికల్లోని పార్టీ పొట్టి పేర్లను అలాగే ఎక్కించండి, పక్కన ఇంకో కాలమ్‌లో మీ వివరణ రాయండి. 1977లో జనతా పార్టీ అభ్యర్థులు భారతీయ లోక్‌దళ్ గుర్తుపై పోటీచేశారు కనుక నివేదికలో బీఎల్‌డీ అని ఉంటుంది. 1980లో కాంగ్రెస్ రెండు ముక్కలుగా, ఐ (ఇందిర), యూ (అర్స్) అని కనిపిస్తుంది. పక్కనున్న హైదరాబాద్ స్థానంలో సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ 1984లో గెలిచింది స్వతంత్ర అభ్యర్థిగా. దాన్ని మజ్లిస్ ఖాతాలో వేసేస్తే అంకె తప్పు, ఖాళీగా వదిలితే అర్థం తప్పు. అందుకే రెండు కాలమ్‌లు.

పొత్తులకు తప్పకుండా ఒక కాలమ్ ఉండాలి. బీజేపీ 1998లో తెలుగుదేశంతో పొత్తు లేకుండా పోటీచేసింది. 1999, 2004, 2014లో పొత్తుతో. 2019లో మళ్లీ ఒంటరిగా. ఈ కాలమ్ లేకుండా బండారు దత్తాత్రేయ నాలుగు గెలుపులను (1991, 1998, 1999, 2014) ఒకే రకం గెలుపుగా చూపించడం ఓటర్లకు అన్యాయం చేసినట్టే.

మెజారిటీని ఎలా చదవాలి

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే పత్రికల్లోనైనా చర్చల్లోనైనా అందరూ పట్టుకునేది ఈ అంకెనే.

2014లో దత్తాత్రేయకు 4,38,271 ఓట్లు, రెండో స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి అంజన్ కుమార్ యాదవ్‌కు 1,83,536. మెజారిటీ 2,54,735. 2019లో జి. కిషన్ రెడ్డికి 3,84,780, టీఆర్ఎస్ అభ్యర్థి తలసాని సాయికిరణ్ యాదవ్‌కు 3,22,666. మెజారిటీ 62,114. మెజారిటీ మాత్రమే చూస్తే బీజేపీ కుప్పకూలినట్టుంది. ఓట్లు చూస్తే తగ్గింది 53,491 మాత్రమే, అదీ పొత్తు లేని ఎన్నికలో. మెజారిటీని కరిగించింది రెండో స్థానం. 2014లో కాంగ్రెస్, టీఆర్ఎస్, మజ్లిస్ మధ్య చీలిన వ్యతిరేక ఓటు 2019లో చాలావరకు ఒకవైపు చేరింది. 2019లో మజ్లిస్ ఇక్కడ పోటీలో లేదు.

2024లో కిషన్ రెడ్డికి 4,73,012 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి దానం నాగేందర్‌కు 4,23,068. విజేత ఓట్లు 88,232 పెరిగాయి, మెజారిటీ మాత్రం 49,944కు తగ్గింది. 2019లో మూడో స్థానంలో ఉన్న కాంగ్రెస్ రెండుకు వచ్చింది, రెండులో ఉన్న పార్టీ మూడుకు పడింది. అందుకని మెజారిటీ రాసే ప్రతిచోటా మొదటి ముగ్గురి ఓట్లూ రాయండి. ముగ్గురివీ లేకపోతే మెజారిటీకి అర్థం ఉండదు.

ఓట్ల శాతాలు నివేదికలోంచి ఎత్తుకోకుండా మీరే లెక్కగట్టండి. లోక్‌సభ ఎన్నికల్లో నోటా 2014లో వచ్చింది. ఒక చోట శాతాన్ని నోటాతో కలిపి లెక్కిస్తారు, ఇంకో చోట వదిలేస్తారు. పాత ఎన్నికలతో పోల్చాలంటే హారంలో చెల్లిన ఓట్లు మాత్రమే ఉండాలి, నోటా ఉండకూడదు. డిపాజిట్‌కూ అదే లెక్క: చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే దక్కుతుంది, నోటా ఆ మొత్తంలోకి రాదు.

శాసనసభ ఓటును లోక్‌సభకు అంటించొద్దు

1999, 2004, 2009, 2014లో రెండు ఎన్నికలూ కలిసి జరిగాయి. ఆ ఏడాదుల్లో ఒకే బూత్‌లో ఒకే రోజు పడిన రెండు ఓట్లను పోల్చి క్రాస్ ఓటింగ్ (శాసనసభకు ఒక పార్టీకి, లోక్‌సభకు ఇంకో పార్టీకి ఓటేయడం) లెక్కగట్టవచ్చు. తర్వాత అది కుదరదు. 2018 డిసెంబరు 7న శాసనసభ, 2019 ఏప్రిల్ 11న లోక్‌సభ. మళ్లీ 2023 నవంబరు 30, 2024 మే 13.

ఈ ఎడం ఏం చేసిందో సికింద్రాబాద్ అంత స్పష్టంగా చూపించే స్థానాలు తక్కువ. 2018లో ఏడు సెగ్మెంట్లలో ఆరు టీఆర్ఎస్‌వి, నాంపల్లి మజ్లిస్‌ది. అంబర్‌పేటలో ఓడిన కిషన్ రెడ్డే కొన్ని నెలలకు ఎంపీ అయ్యారు. 2023లోనూ ఆరు బీఆర్ఎస్‌వి (టీఆర్ఎస్ కొత్త పేరు), నాంపల్లి మజ్లిస్‌ది. ఆరు నెలలు తిరక్కుండానే లోక్‌సభలో బీఆర్ఎస్ మూడో స్థానం, అదీ సికింద్రాబాద్ ఎమ్మెల్యే పద్మారావు గౌడ్‌ను నిలబెట్టి. రెండుసార్లూ ఒక్క ఎమ్మెల్యే సీటు లేకుండా బీజేపీ ఎంపీ సీటు గెలిచింది. కాబట్టి "ఏడింటిలో ఆరు మావే" అన్న లెక్కతో ఎంపీ ఫలితాన్ని అంచనా వేసే పద్ధతి ఇక్కడ పనిచేయదు. మీ పట్టికలో శాసనసభ ఫలితాలకు వేరే షీటు పెట్టండి, తేదీతో సహా.

పోలింగ్ శాతం

2019, 2024 రెండింటిలోనూ ఇక్కడ పోలింగ్ సగానికి చేరలేదు. నగర ఓటరుకు పట్టదని తీర్పు చెప్పే ముందు హారం చూడాలి. అద్దె ఇళ్లు మారినవాళ్లు, ఊళ్లో ఒక ఓటు, నగరంలో ఒక ఓటు ఉన్నవాళ్లు, చనిపోయినా పేరు తీయనివాళ్లు జాబితాలో మిగిలిపోతారు. 10 లక్షల జాబితాలో అలాంటివి లక్ష ఉన్నాయనుకోండి. 4.8 లక్షల మంది ఓటేస్తే కాగితం మీద 48 శాతం, నిజంగా ఉన్నవాళ్లలో 53.3 శాతం. అందుకే శాతం పక్కన పోలైన ఓట్ల సంఖ్య, మొత్తం ఓటర్ల సంఖ్య రెండూ ఉండాలి. 1989లో ఓటర్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తే కంగారుపడొద్దు. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గిన తొలి ఎన్నిక అది.

అభ్యర్థుల సంఖ్యలోనూ ఇలాంటి గీత ఒకటుంది. 1996లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాది నల్గొండలో 480 మంది నిలబడ్డారు. తర్వాత డిపాజిట్ 10,000 చేశారు. 1996కు, 1998కి మధ్య స్వతంత్రుల సంఖ్య తగ్గితే రాజకీయ కారణాలు వెతక్కముందు ఇది రాయాలి.

సరిచూసే వరస

ప్రతి ఎన్నిక వరసలో: అభ్యర్థుల ఓట్ల మొత్తం చెల్లిన ఓట్లకు సమానం కావాలి. చెల్లినవి, చెల్లనివి, నోటా కలిపితే పోలైనవి రావాలి. సెగ్మెంట్లూ పోస్టల్ ఓట్లూ కలిపితే తుది మొత్తం రావాలి. మొదటి ఇద్దరి తేడా మెజారిటీతో సరిపోవాలి. ఒక్కటి తప్పినా అంకెను మీ ఊహతో సర్దకండి. ఆ గడికి ఎరుపు రంగు వేసి, మూల పత్రం పేజీ నంబరు రాసి పెట్టండి. పేర్ల విషయానికొస్తే ఇంగ్లీషు స్పెల్లింగ్ ప్రతి నివేదికలో ఒక్కో రకంగా ఉంటుంది. ఒక్కో అభ్యర్థికి మీరే ఒక సంఖ్య ఇచ్చి, తెలుగు పేరును ఒకే రకంగా ఉంచితే దత్తాత్రేయ ఇద్దరు మనుషులుగా విడిపోరు.

షీటు చివర కొన్ని ఖాళీ వరసలకు కొత్త రంగు ఇప్పుడే కేటాయించుకోండి. 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వచ్చాక హద్దులు మళ్లీ మారే వీలుంది. 2009 నుంచి 2024 దాకా ఉన్న నాలుగు ఎన్నికల బూత్ స్థాయి ఫైళ్లు, సెగ్మెంట్ పటాలు ఆలోగా దింపి రెండుచోట్ల దాచుకోవాలి. కొత్త హద్దులు వచ్చాక పాత ఓట్లను కొత్త సెగ్మెంట్లలోకి మార్చి చూడగలిగేది ఆ ఫైళ్లు ఉన్నవాళ్లే.