అప్పు పత్రాలు, 4వ పాఠం: తీర్మానం వచ్చింది, సరే, చదివారా?

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన సీపీ లిస్టులన్నీ, అంటే అప్పు విడుదలకు ముందు తీరాల్సిన షరతుల జాబితాలన్నీ, చూశాను. స్టేటస్ గడిలో దాదాపు అందరూ ‘వచ్చింది’ అని రాశారు. ఈసారి ఛార్జ్ రిజిస్ట్రేషన్ (ఆస్తి మీద బ్యాంకు హక్కును నమోదు చేయించడం) చెబుదామనుకున్నాను గానీ, ఇది తేలకుండా ముందుకెళితే డిస్బర్స్‌మెంట్ రోజు, అంటే డబ్బు విడుదలయ్యే రోజు, టెన్షన్ పడేది మీరే.

కాగితం మెయిల్లోకి వచ్చినంత మాత్రాన షరతు తీరినట్టు కాదు. నా లిస్టులో నాలుగు మాటలే ఉంటాయి: రాలేదు, చదువుతున్నాం, సవరణకు పంపాం, బ్యాంకు ఒప్పుకుంది. నాలుగోది రాస్తే పక్కన బ్యాంకు మెయిల్ తేదీ ఉండాల్సిందే. ఫోన్లో ‘ఓకే’ అన్నారని ఎప్పుడూ రాయను. రంగులు కూడా వేయను, నలుపు తెలుపు ప్రింటులో అవి పనికిరావు.

ఎక్కువమంది బోల్తా పడింది బోర్డు తీర్మానం దగ్గర. నేనిచ్చిన తీర్మానం 40 కోట్లకు, బ్యాంకు సాంక్షన్ లెటర్ (అప్పు మంజూరు పత్రం) 45 కోట్లకు. లెటర్‌హెడ్, సీలు చూసి వదిలేశారు. ఇంకా ఉంది. అందులో అప్పు తీసుకోవడానికి అనుమతి ఉంది, స్టాకు మీద హైపోథికేషన్ (సరుకు కంపెనీ దగ్గరే ఉంచి తాకట్టు పెట్టడం) ఇవ్వడానికి లేదు. ‘ఇద్దరు డైరెక్టర్లు కలిసి’ సంతకం చేయాలని ఉంది, మీ సంతకాల పేజీలో ఒక్కరికే చోటుంది. బ్యాంకు పేరు, తీర్మానం తేదీ కూడా అప్పు ఒప్పందం పక్కన పెట్టుకునే చదవాలి.

తర్వాత కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 180(1)(సి). పాత అప్పు, కొత్త అప్పు కలిపి పెయిడప్ క్యాపిటల్ (షేర్‌హోల్డర్లు కట్టిన మూలధనం), ఫ్రీ రిజర్వులు (డివిడెండుగా పంచగలిగే మిగులు), సెక్యూరిటీస్ ప్రీమియం (షేరు ముఖవిలువకు పైన వచ్చిన సొమ్ము) మొత్తాన్ని దాటితే షేర్‌హోల్డర్ల ప్రత్యేక తీర్మానం కావాలి. చాలామంది కొత్త అప్పు ఒక్కటే లెక్కేశారు. ప్రైవేటు కంపెనీలకు 2015 జూన్ నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది కదా అని కొందరు రాశారు. నిజమే, కానీ 2017 సవరణ తర్వాత బ్యాలెన్స్ షీటు, వార్షిక రిటర్ను ఆర్‌ఓసీకి (కంపెనీల రిజిస్ట్రార్‌కు) దాఖలు చేయడంలో డిఫాల్ట్ లేని కంపెనీకే అది వర్తిస్తుంది. కాబట్టి ఎంసీఏ (కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ) పోర్టల్లో చూశాకే ‘మినహాయింపు’ అని రాయండి.

ఛార్జ్ గురించి ఇప్పటికి ఒక్క మాట: మార్చి 3న హైపోథికేషన్ సంతకమైతే సీహెచ్‌జీ-1 (ఛార్జ్ నమోదు ఫారం) దాఖలుకు 30 రోజుల గడువు ఏప్రిల్ 2తో ముగుస్తుంది. ఆ తేదీని ఇప్పుడే లిస్టులో ఎక్కించండి.

అభ్యాసం: అదే ఫైలుకు లిస్టు మొత్తం మళ్లీ రాయండి. ప్రతి వరుసలో ఎవరు తేవాలి, ఏ రోజుకు తేవాలి అన్నది ఉండాలి. తీర్మానంలోని లోపాలు చెబుతూ కంపెనీ సెక్రటరీకి ఐదు వాక్యాల మెయిల్ రాయండి. ఆయన మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిన అవసరం రాకూడదు. సవరించిన తీర్మానం డ్రాఫ్టు కూడా దానికి జతచేయండి.