రాత్రిపూట స్పీడ్ రికార్డుకు దిగే ముందు

1990 మార్చిలో టెక్సాస్‌లోని ఫోర్ట్ స్టాక్‌టన్ టెస్ట్ ట్రాక్ మీద షెవర్లే కార్వెట్ జెడ్‌ఆర్-1 కారు 24 గంటలపాటు గంటకు సగటున 283 కిలోమీటర్ల వేగంతో తిరిగింది. 1940 నుంచి చెక్కుచెదరని రికార్డు దాంతో బద్దలైంది. 24 గంటల రికార్డంటే మధ్యలో ఒక రాత్రి తప్పదు. ఆ రాత్రికి విడిగా సిద్ధం కావాలి.

ముందు లైట్ల సంగతి. 280 వేగంలో కారు సెకనుకు 78 మీటర్లు పోతుంది. బ్రేక్ మీద కాలు పడటానికి ఒక సెకను పట్టినా, పూర్తిగా ఆగేసరికి 400 మీటర్లు దాటిపోతుంది. మామూలు కారు హైబీమ్ అంత దూరం చూపించదు. ఎదురుగా ఏదైనా కనబడిందంటే అప్పటికే ఆలస్యమైనట్టే. అందుకే చీకటి పడకముందే కంచె పొడవునా తిరిగి జంతువులు దూరే సందులు మూయించండి. రాళ్లు, నట్లు, టైరు పేలికలు ఏరించండి. ట్రాక్ చుట్టూ రేడియోలతో మనుషులు ఉండాలి. వాళ్లలో ఎవరు 'ఆపు' అన్నా డ్రైవర్ కారణం అడక్కుండా వేగం తగ్గించాలి. మేనేజర్ ఒప్పుకోవాలనే నియమం అసలు పెట్టొద్దు.

ఖాళీగా ఉంది కదా అని రాత్రివేళ అవుటర్ రింగ్ రోడ్డు మీద ఇలాంటివి ప్రయత్నించకండి, దయచేసి. మన దేశంలో ఇందుకు ఇండోర్ దగ్గర నాట్రాక్స్ లాంటి మూసిన ట్రాకులున్నాయి.

టైర్ల మీద 'డబ్ల్యూ' అని ఉంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం వరకు, 'వై' అని ఉంటే 300 వరకు తట్టుకుంటాయి. అదీ గాలి సరిగ్గా ఉన్నప్పుడే. గాలి తగ్గిన టైరు పక్కగోడ వంగి వంగి వేడెక్కి, చివరికి చీలిపోతుంది. కారు ఆగిన ప్రతిసారీ నాలుగు టైర్లూ చూడాలి, లోపలి వైపు కూడా. టార్చ్‌ని ఎదురుగా కాకుండా పక్కనుంచి వాల్చి పట్టుకోండి. నల్ల రబ్బరు మీద చిన్న ఉబ్బు మామూలుగా కంటికి ఆనదు, అలా పడితే నీడ కనిపిస్తుంది. ఆ టార్చ్ వెలుగు డ్రైవర్ కళ్లలో మాత్రం పడనివ్వకండి. చీకటికి అలవాటైన కళ్లు ఒకసారి చెదిరితే తేరుకోవడానికి చాలా నిమిషాలు పడుతుంది.

పెట్రోలు పోసేటప్పుడు ఇంజిన్ ఆపేయాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకున్న మనిషికి ఆ సమయంలో వేరే పని చెప్పొద్దు.

విడిభాగాల విషయంలో నిబంధనలు గట్టివి. రిపేరుకు కారులో మోసుకెళ్లినవే వాడాలి. 1983 ఆగస్టులో ఇటలీలోని నార్దో ట్రాక్ మీద మెర్సిడెస్ 190ఈ 2.3-16 కార్లు 50,000 కిలోమీటర్లు దాదాపు 248 సగటుతో పరుగెత్తాయి. అక్కడ ఒక కారుని కాసేపు ఆపేసింది విరిగిన డిస్ట్రిబ్యూటర్ రోటార్, అంటే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే చిన్న భాగం. చిన్న సామాను లిస్టు ముందే రాసుకోండి.

ఇక డ్రైవర్. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య ఎంతటివాడికైనా కునుకు వస్తుంది. గుండ్రటి ట్రాక్ మీద తిరిగిందే తిరగడం వల్ల అది ఇంకా ఎక్కువ. ఆ గంటల్లో షిఫ్టులు చిన్నవిగా పెట్టండి. ప్రతి రౌండుకీ రేడియోలో మాట్లాడించండి. జవాబు ఆలస్యంగా వస్తోందంటే షిఫ్టు మిగిలి ఉన్నా వెంటనే లోపలికి పిలవండి. పిట్‌లో, అంటే కారు ఆపి పనులు చేసే చోట, పోయే ఒక్కో నిమిషానికి 24 గంటల సగటులో తగ్గేది గంటకు 0.2 కిలోమీటర్లే.