సీరియల్ ఆగిపోతుందో లేదో ముందుగా పసిగట్టడం ఎలా

రోజూ చూసే సీరియల్‌కు ఒక శనివారం ఉన్నట్టుండి శుభం కార్డు పడితే ఇంట్లోవారికి అది హఠాత్తుగా జరిగినట్టే అనిపిస్తుంది గానీ, ఛానల్ కార్యాలయంలో ఆ మాట అప్పటికి కొన్ని వారాల ముందే అనుకుని ఉంటారు. ఆ నిర్ణయం వెనుక ఉన్న లెక్క తెలిసినవారు దానిని చాలావరకు ముందుగానే ఊహించగలరు. సీరియల్ బాగుందా లేదా అన్నది ప్రేక్షకుల ప్రశ్న. ఈ అరగంటలో ఇంతకన్నా ఎక్కువ రాబడి తెచ్చేది మన దగ్గర ఏదైనా ఉందా అన్నది ఛానల్ ప్రశ్న. ఇకమీదట రెండో ప్రశ్ననే మీరూ వేసుకోవాలి.

ముందుగా రేటింగ్‌ను చదవడం నేర్చుకోవాలి. 2015 నుంచి మన దేశంలో ఈ అంకెలను టీవీ ప్రేక్షకులను లెక్కించే సంస్థ బార్క్ ఇండియా ఇస్తోంది. ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు అమర్చి, ప్రసారపు ధ్వనిలో కలిపిన, చెవికి అందని గుర్తు సాయంతో ఆ ఇంట్లో ఏ ఛానల్ నడుస్తోందో నమోదు చేస్తారు. లెక్కల వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది. ఫలితాలు ఆ తరువాతి గురువారం వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకే మార్కెట్‌గా లెక్కిస్తారు. ఒక సీరియల్ టీఆర్పీ 8 అంటే, లెక్కలోకి తీసుకున్న ప్రేక్షకుల్లో సగటున ప్రతి నిమిషం నూటికి 8 మంది దానిని చూస్తున్నారని అర్థం. ఇక్కడ సగటు అన్న మాటను మరవకూడదు. మొదటి పది నిమిషాలు చూసి ఛానల్ మార్చేసినవారు పూర్తి ప్రేక్షకులుగా లెక్కకు రారు.

ఒక్క వారం అంకె పడిపోయిందని కంగారు పడనక్కరలేదు. క్రికెట్ మ్యాచ్ ఉన్నా, పండుగ వచ్చినా, పక్క ఛానల్‌లో పెద్ద సినిమా వేసినా రేటింగ్ దిగుతుంది. నాలుగైదు వారాల వరుస చూడండి. దానిని అదే వేళకు ప్రత్యర్థి ఛానల్‌లో వచ్చే కార్యక్రమంతోనూ, అదే ఛానల్‌లో దానికి ముందు వచ్చే సీరియల్‌తోనూ పోల్చండి. ముందు సీరియల్‌కు 9 ఉండి, మీ సీరియల్ వచ్చేసరికి అది 6కు దిగుతుంటే, చేతికి అందిన ప్రేక్షకులను అది పోగొడుతోందన్నమాట. అదే 6 మధ్యాహ్నం పూట వస్తే ఛానల్‌వారు సంబరపడతారు.

ఇప్పుడు డబ్బు సంగతి. నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదు. అందులో 2 నిమిషాలు ఛానల్ సొంత ప్రోమోలవి. అంటే అరగంట సీరియల్‌లో అమ్ముకోగలిగింది 5 నిమిషాలు, పది సెకండ్ల లెక్కన 30 ముక్కలు. ఉదాహరణకు ఒక్కో ముక్క 5,000 రూపాయలకు అమ్ముడైందనుకుంటే ఎపిసోడ్‌కు లక్షన్నర వస్తుంది. నిర్మాతకు ఇచ్చేదీ లక్షన్నరే అయితే ఛానల్‌కు మిగిలేది సున్నా. ప్రకటనల బేరం రేటింగ్ పాయింట్ల మీదే నడుస్తుంది కాబట్టి, అంకె పడిపోతే తరువాతి బేరంలో ధర దిగుతుంది. నటీనటుల పారితోషికాలు, సెట్ల అద్దె మాత్రం దిగవు. ఏళ్ల తరబడి నడిచిన సీరియల్‌కు ఖర్చు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. పాత సీరియళ్లు మంచి అంకెలతోనే ఎందుకు ముగుస్తాయన్న సందేహానికి నాకు తోచిన జవాబు ఇదే.

చూసేవారు ఎందరన్నదే కాక, ఎవరన్నదీ లెక్కే. అమెరికాలో సీబీఎస్ అనే టీవీ నెట్‌వర్క్ 1971లో పల్లె నేపథ్యపు కామెడీలను, వాటిలో కొన్నింటికి మంచి ప్రేక్షకాదరణ ఉన్నా, వరసగా తీసేసింది. ప్రకటనకర్తలకు కావలసింది నగరాల్లోని యువత అన్నదే అప్పటి కారణం.

మన దగ్గర దగ్గరగా పరిశీలించదగినది స్టార్ మాలో 2017లో మొదలైన ‘కార్తీక దీపం’. డాక్టర్ బాబు, వంటలక్క ఇంటింటి మనుషులైపోయిన తరువాత, 2022లో ఆ జంటను ప్రమాదంలో పోయినట్టు చూపించి కథను పిల్లల తరానికి మళ్లించారు. జనానికి అది రుచించలేదు. కొన్ని నెలలకే ఆ ఇద్దరినీ తిరిగి తెచ్చినా పాత ఊపు రాలేదు. 2023 జనవరిలో ముగించారు. ఆ మర్నాడే అదే ఏడున్నరకు ‘బ్రహ్మముడి’ మొదలైంది. అది అదే నెట్‌వర్క్‌కు చెందిన బెంగాలీ సీరియల్‌కు రీమేక్. ఒక భాషలో గెలిచిన కథ సిద్ధంగా ఉన్నప్పుడు నీరసించిన సీరియల్‌ను మోయవలసిన అవసరం ఛానల్‌కు తగ్గిపోతుంది. కనుక మీ ఛానల్‌వారి తమిళ, కన్నడ, బెంగాలీ ఛానళ్లలో ఏది దుమ్ము రేపుతోందో ఒక కన్నేసి ఉంచండి.

వేళ మార్పు మరో సూచన. రాత్రి ఏడు, ఎనిమిది మధ్య నుంచి మధ్యాహ్నానికో, పదిన్నరకో జరిపితే అది శిక్ష అనే అనుకోవచ్చు గానీ, వెంటనే ముగింపు అనుకోనక్కరలేదు. తక్కువ అంకె చాలిన చోట కొన్ని సీరియళ్లు మరికొంత కాలం హాయిగా నడుస్తాయి. బిగ్ బాస్ సీజన్ వల్ల జరిగిన మార్పునైతే అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

కథలోనూ జాడలు దొరుకుతాయి. మూడు వందల ఎపిసోడ్లుగా దాచిన డీఎన్ఏ రిపోర్టు ఒకే వారంలో అత్తగారి చేతికి, ఆపై హీరో చేతికి అందిందంటే, రచయితకు ‘ముగించండి’ అన్న కబురు చేరి ఉంటుంది. కొత్త ఇల్లు, కొత్త విలన్, కొన్నేళ్ల తరువాత అంటూ కథను ముందుకు దూకించడం మాత్రం బతికించే ప్రయత్నం. ఆ తరువాతి నాలుగు గురువారాల అంకెలే దాని తీర్పు.

వీటన్నిటికన్నా గట్టి ఆధారం కొత్త సీరియల్ ప్రోమో. ‘త్వరలో’ అని ఉన్నంతవరకు ఎవరి కుర్చీ కదులుతుందో చెప్పలేం. తేదీతో పాటు వేళ కూడా వేశారా, ఆ వేళ మీ సీరియల్‌దేనా, మీ సీరియల్‌కు వేరే వేళ ప్రకటించారా అన్న మూడూ చూడండి. మూడోదానికి జవాబు లేకపోతే, ఆ తేదీకి ముందు వచ్చేదే చివరి ఎపిసోడ్.